బూట్లు విప్పని మేడం

“మేడం, జర బూట్లిప్పి నడువుండ్రి. చేతికి దొరకని పేడు అరికాలికి దొరుకుతది.”

“అవసరం లేదండి. బాగానే ఉంది.”

“నడువకుండనే బాగుందంటే ఎట్ల? నేల వేసినోడు ఒకపారి, వాడుకునేటోళ్లు ఒకపారి నడువాలె. గిది మా పద్ధతి.”

“టైం లేదు. పేపర్ ఇవ్వండి.”

పని బాగుందని వాసంతి సంతకం చేసింది. అది 2022 నవంబర్. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోడౌన్‌ను బాలే హాలుగా మార్చారు. చెక్క నేల వేసింది నిర్మల్ నుంచి వచ్చిన వడ్రంగి భూమేశ్. వయసు నలభై నాలుగు. వాసంతిది విశాఖపట్నం, వయసు నలభై రెండు. ఇరవయ్యో ఏట నుంచి పదహారేళ్లు విదేశీ బాలే కంపెనీల్లో నాట్యం చేసి, ఇక్కడ ఆర్టిస్టిక్ డైరెక్టర్ అయింది. ఇద్దరికీ పెళ్లి కాలేదు.

అద్దాలు బిగించడానికి భూమేశ్ మరో మూడు వారాలు వచ్చాడు. సాయంత్రం ఐదుకి రెండు చిక్కటి కరక్ చాయ్‌లు తెచ్చేవాడు.

“పిల్లలందరు ఉత్తకాళ్లతోని తిరుగుతున్నరు. బూట్లు మీకొక్కలకే. మహారాణి గదా.”

“మహారాణులు పేపర్ కప్పులో తాగరండి.”

అతను రావడం ఆలస్యమైతే ఆమె వాచీ చూసుకునేది.

నాలుగో వారం మాహిరా అనే పదిహేనేళ్ల విద్యార్థిని అరికాల్లో చెక్క పేడు దిగింది. క్లినిక్‌లో తీశారు. ఆ వారం ప్రదర్శనలో ఆ పిల్ల ఆడలేదు.

“తప్పు నాది మేడం,” అన్నాడు కబురు విని వచ్చిన భూమేశ్. “నేను నడిచిన. నాకు దొరకలే.”

“సంతకం నాది.”

వాసంతి కూర్చుని బూట్లు, సాక్సులు విప్పింది. రెండు వేళ్లకు గోళ్లు లేవు. రెండో వేలు వంగి బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. లేచి హాలంతా నడిచింది. అరికాలికి గరుకు తగిలిన రెండు చోట్ల ఆగింది. భూమేశ్ ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. తలెత్తలేదు.

“మిమ్ముల మహారాణి అన్న. సిగ్గయితుంది.”

“సిగ్గు నాది. ఈ వేళ్లు మీ కంట పడకూడదని సంతకం పెట్టేశాను. పేడు పిల్లకి దిగింది.” మళ్లీ కూర్చుంటూ అంది: “ఇరవై ఏడేళ్లప్పుడు ఓ సంబంధం వచ్చింది. మెట్టెలు తొడిగేటప్పుడు అందరి ముందూ కాలు చాపాలి కదా. వద్దన్నాను. అమ్మకి మాత్రం కెరీర్ అని చెప్పాను.”

భూమేశ్ పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

“ఆ వేలికి బజార్ల దొరికేటియి పట్టయి. చేపియ్యాలె. బర్ దుబాయ్‌ల మా కంసాలి ఉన్నడు.”

“ఏం చేయించాలి?”

“మెట్టెలు. మీరు ఊ అంటేనే.”

ఆమె సాక్సు అందుకుంది. మళ్లీ కింద పెట్టింది.

“అందరి ముందూ చాపలేనండి.”

“నా ముందట చాపితే సాలు.”

ఆమె కాలు చాపింది. అతను జేబులోంచి దారం తీసి రెండో వేలి చుట్టూ తిప్పాడు.

“కదలకుండ్రి మేడం.”

పదహారేళ్లు వేళ్ల కొసల మీద నిలబడిన కాలు, ఆ కొలత పూర్తయ్యేదాకా వణుకుతూనే ఉంది.