మూడుసార్లు నొక్కితే గానీ

విశ్వకర్మ పూజ రోజున కలకత్తాలో ఎవరూ యంత్రాన్ని తిప్పరు. చాందినీ బజారులో కంప్యూటర్ కొట్లవాళ్లంతా షట్టర్లు దించేసి, మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తున్నారు. దారం తెగినప్పుడల్లా ఏదో ఒక మేడ మీంచి ‘భో కాట్టా’ అని కేక లేస్తోంది.

మూడో అంతస్తులో మృణాల్ దా కొట్లో దీపాయన్ ఒక్కడే ఉన్నాడు. పొద్దున అందరూ కలిసి స్క్రూడ్రైవర్లకీ, టేబుల్ ఫ్యానుకీ, మూలనున్న ముసలి కంప్యూటర్‌కీ కుంకుమ బొట్లు పెట్టి, ఖిచుడీ తిని ఇళ్లకు పోయారు. ఆ ముసలిదానికి ఇరవై ఏళ్లుంటాయి. పాత హార్డ్ డిస్కులకుండే వెడల్పాటి పట్టీ వైరు దానికే పడుతుంది, కొత్తవాటిలో ఆ సాకెట్టే ఉండదు. కంపెనీలు వదిలించుకునే డిస్కుల్ని దానికి తగిలించి, మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయించి, తుడిచేశామని పత్రం ఇవ్వడం దీపాయన్ ఉద్యోగం. పత్రం అడుగున రెండు గళ్లుంటాయి. ఒకటి తుడిచినవాడి సంతకానికి, రెండోది పక్కనుండి చూసిన సాక్షికి.

ఇవాళ సాక్షి లేడు. ఆ గడి ఖాళీగా వదిలేసి, ఈలోగా ఎవరి కంటా పడకుండా కవరుకు సీలు వెయ్యమన్నాడు మృణాల్ దా. రేపు ఎవడి చేతో ఒకడి చేత పెట్టించవచ్చట. తేదీ మాత్రం పోయిన నెలది వెయ్యాలట. పూజ రోజున యంత్రం ముట్టుకోవడమేమిటని దీపాయన్ నసిగితే నవ్వాడు.

“దేవుడు లేడని ఊళ్లో గోడలన్నీ పాడుచేసినవాడివి, నీకు విశ్వకర్మ భయమేమిట్రా? నాలుగే డిస్కులు. చేసేసి పో.”

మూడు డిస్కులు మధ్యాహ్నానికి అయిపోయాయి. నాలుగోదాని మీద మాసిన చీటీ అంటించి ఉంది. తొప్సియా, చేతితొడుగుల ఫ్యాక్టరీ. గేటు హాజరు.

దీపాయన్ చెయ్యి ఆగింది.

ఆ గేటు అతనికి తెలుసు. రెండేళ్ల క్రితం అక్కడే స్టూలెక్కి ఉపన్యాసమిచ్చాడు. ప్రపంచాన్ని నడిపేది మన చేతులేనని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే, తోలుకు జిగురు పూసే చంపా మండల్ మాత్రం బొటనవేలు ఎత్తి చూపించి నవ్వింది.

“ఈ వేలు చూడు దాదా. జిగురు తినేసి గీతలన్నీ నున్నగా అరిగిపోయాయి. ప్రపంచం మాట అటుంచు, ఆ హాజరు మిషనే నన్ను గుర్తుపట్టదు. మూడుసార్లు నొక్కితే గానీ.”

తన డబ్బాలోని మరమరాలు సగం అతని దోసిట్లో పోసింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది, “రేపు ఏదైనా జరిగితే ఉంటావా?”

“ఉంటాను,” అన్నాడు.

వారం తిరక్కుండా అతని కోసం పోలీసు జీపు వచ్చింది. దీపాయన్ కృష్ణనగర్‌లో పిన్ని ఇంట్లో మూడు నెలలు దాక్కున్నాడు. ఆ చలికాలంలోనే ఫ్యాక్టరీ తగలబడింది. వెనక తలుపుకు బయటినుంచి తాళం ఉంది. చంపా ఆ రోజు పనికే రాలేదనీ, ఎవరితోనో లేచిపోయి ఉంటుందనీ కంపెనీ తేల్చేసింది. వాళ్లమ్మ ఫోటో పట్టుకుని గేటు ముందు నిలబడటం దీపాయన్ ఒకసారి చూశాడు. గొడుగు ముఖం మీదికి దించుకుని అవతలి పక్కకు దాటిపోయాడు.

తుడిచే డిస్కులోకి తొంగి చూడకూడదన్నది కొట్లో నియమం. తొంగి చూశాడు.

మంటలొచ్చిన రోజు పట్టిక దొరికింది. చంపా మండల్. లోపలికి తొమ్మిదీ రెండు. బయటికి... ఖాళీ.

మంటల కేసులో రేపు కోర్టు మనుషులు ఫ్యాక్టరీకి వస్తారని పేపర్లో చదివాడు; పోయిన నెల తేదీ ఎందుకో ఇప్పుడర్థమైంది. కూతురు లేచిపోలేదని ఆ తల్లికి చెప్పడానికి ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క వరస. దీపాయన్ జేబులో పెన్ డ్రైవ్ ఉంది. అందులోకి ఎక్కించుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

అతని మీద పాత కేసు ఇంకా ఉంది. అది తెలిసి కూడా ఉద్యోగమిచ్చినవాడు మృణాల్ దా ఒక్కడే. ఆ నిమిషం గడిచింది. ఇంకో నిమిషం కూడా గడిచింది. హంతకుడికి గుమాస్తా వేలు ఎప్పుడూ అరువు దొరుకుతుందని ఒకప్పుడు కరపత్రంలో రాశాడు. చదివినవాళ్లు భుజం తట్టారు కూడా. ఇప్పుడు అదే వేలితో మీట నొక్కాడు.

సున్నాలు మొదలయ్యాయి.

బయట మబ్బు పట్టి వాన దిగింది. మేడల మీద కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇక కొట్లో వినిపించేది ముసలి కంప్యూటర్ ఫ్యాను గరగర ఒక్కటే. గంట తరవాత తుడవడం పూర్తయింది. సరిచూడమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఒక్కచోట సున్నాలు లేవు.

తెరిచి చూశాడు. చంపా మండల్. లోపలికి తొమ్మిదీ రెండు.

డిస్కు పాతది, అక్కడక్కడా మొండికేస్తుందనుకున్నాడు. మళ్లీ తుడిచాడు. ఈసారి సగం దాటాక డిస్కు లోపల చప్పుడు. టిక్. కాస్త ఆగి, టిక్. మళ్లీ ఆగి... టిక్.

మూడుసార్లు.

జిగురు వాసన వేసింది. దాని వెనకే తోలు కాలుతున్న వాసన. వైరు మాడుతోందేమోనని డబ్బా మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు మాత్రం మసిలా నల్లబడి ఉంది.

సరిచూశాడు. ఆ వరస అక్కడే ఉంది.

మూడోసారి నొక్కాడు. ఫ్యాను ఆగిపోయింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. వీపు వెనక, చెవికి బాగా దగ్గర్లో, ఊపిరందని గొంతు.

“దాదా... ఉన్నావా?”

తిరిగి చూడలేదు. చూస్తే ఏం చెప్పాలి?

“దాదా...”

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. స్టూలెక్కి వీధంతా దద్దరిల్లేలా అరిచిన ఆ గొంతులోంచి, తనకే వినపడనంత చిన్న మాట వచ్చింది.

“లేను.”

అంతే. ఫ్యాను మళ్లీ తిరిగింది. వాసన పోయింది. సరిచూస్తే మొదటి నుంచి చివరిదాకా అన్నీ సున్నాలే. ఇంత తేలిగ్గా వదిలేసిందేమిటా అనిపించింది. ఆ అనిపించడానికే చచ్చేంత సిగ్గేసింది.

పత్రం మీద పోయిన నెల తేదీ వేసి సంతకం పెట్టాడు. సాక్షి గడి ఖాళీగా ఉండటం రెండుసార్లు చూసుకున్నాడు. కవరులో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి వెంట తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దున బీరువా తాళం దీపాయనే తీశాడు. లక్క చెక్కుచెదరలేదు. సాక్షి సంతకానికని కింద టీ కొట్టువాణ్ణి వెంటబెట్టుకొచ్చిన మృణాల్ దా, తన చేత్తోనే కవరు చింపాడు. పత్రం తీసి, కళ్లజోడు పైకి నెట్టి, కాసేపు చూశాడు.

“నిన్న ఎవరూ లేరన్నావు. మరి సాక్షి గడిలో ఈ వేలిముద్రలు ఎవరివిరా?”

దీపాయన్ బల్ల మీదుగా వంగి చూశాడు.

“ఒకటి చాలదా, మూడెందుకు వేయించావు? మసి పూసినట్టున్నాయి. ఒక్కదాంట్లో కూడా గీత లేదు,” అంటూ మృణాల్ దా చివరి ముద్ర మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

మూడోది ఇంకా వేడిగానే ఉంది.