మూడో కుళాయి చీటీ

ఉదయం ఆరు పది. వంటింటి పక్క గదిలో పెద్దాయన గొంతు పట్టుకుని నేల మీద పడి ఉన్నాడు. పక్కన స్టీలు గ్లాసు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

ఎదుట గోడకి ఆయన కొడుకు రెండేళ్లుగా తయారుచేస్తున్న వాటర్ ప్యూరిఫయర్. ఐదు దశలు. ఒక్కో దశ దాటాక నీళ్లు పరీక్షించడానికి ఒక్కో చిన్న కుళాయి. కుళాయికో చీటీ.

తొమ్మిదిన్నరకి ఎస్సై వచ్చింది. అప్పటికి పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు. మాట వస్తుందో రాదో డాక్టర్ చెప్పలేదు.

"గ్లాసులో ఏముంది?"

"కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు, మేడమ్," అన్నాడు కొడుకు. "మూడో దశలో మెంబ్రేన్, అదే వడపోత పొర, కడగడానికి నిన్న మధ్యాహ్నం నింపాను. రంగుండదు, తెలీదు. అందుకే తాగవద్దు అని చీటీ కట్టాను."

"తాగే నీళ్లు ఏ కుళాయిలో వస్తాయి?"

"ఐదో దాంట్లో. కడుగుతున్నానని దాన్ని మూసేశాను."

కానిస్టేబుల్ రిపోర్టులోనూ అదే ఉంది. మూడో కుళాయికి హెచ్చరిక చీటీ ఉన్నది. అంటే ఎవరో పట్టి చేతికిచ్చారు. ఆ సమయానికి ఇంట్లో ఉన్న బయటివాడు ప్లంబర్ ఒక్కడే. అతన్ని జీపు దగ్గర నిలబెట్టారు.

"పొద్దున్నే ఇక్కడ నీకేం పని?"

"పైపు లీకవుతోందని రమ్మన్నారండి."

"నిన్న పెద్దాయనతో గొడవెందుకు?"

"ఈ ప్యూరిఫయర్ డిజైన్ నేను ఎత్తుకుపోతానని అన్నాడండి. మా ఇంటి తాళం ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు. ఐదు దశలు ఏం గుర్తుంటాయండీ?"

"ఆరు పదికి ఎక్కడున్నావు?"

"మేడ మీద ట్యాంకు దగ్గర."

"చూసినవాళ్లు?"

"ట్యాంకే."

ఎస్సై నవ్వలేదు. కానిస్టేబుల్ జీపు తలుపు తీశాడు.

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన కూతురు కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొడుక్కి అక్క. యాభై దాటిన మనిషి.

"మా నాన్న చీటీ చదవందే తలనొప్పి మాత్ర కూడా వేసుకోడమ్మా. అలాంటి మనిషి..."

ఎస్సై చటుక్కున ఆగింది. పడినప్పుడు కళ్లజోడు ముక్కు మీదే ఉందని రిపోర్టులో ఉంది. పెద్దాయన చదివాడు. చదివే తాగాడు.

ఆమె గదిలోకి వెళ్లి మూడో కుళాయి ముందు వంగింది. అక్షరం కింద అక్షరం వేలు పెట్టింది. తా. గ. వ. తర్వాత చ. దాని కింద మళ్లీ చ.

"ఇది తాగవద్దు కాదు. తాగవచ్చు."

కానిస్టేబుల్ మొహం పాలిపోయింది. "పొద్దున చూశాను మేడమ్."

"చూశావు. చదవలేదు."

మిగతా నాలుగు చీటీలు మార్కర్‌తో రాసినవి. ఏటవాలు రాత. ఇది పెన్నుతో. గుండ్రటి అక్షరాలు. కింద పెన్సిల్ గీత.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనమ్మా," అంది అక్క. "నిన్న సాయంత్రం తుడుస్తుంటే పాత చీటీ తడిసి చిరిగిపోయింది. ఐదో కుళాయిది కొత్తగా కనబడితే దాన్ని చూసి రాశాను. ఈ సంవత్సరమే అక్షరాలు నేర్చుకున్నా. అన్నీ ఒకటే మాట అనుకున్నా." చేతులు రెండూ ముందుకి చాపింది. "నన్ను తీసుకెళ్లు. ఆ ప్లంబర్ అబ్బాయిని వదిలెయ్."

ఎస్సై ఆ చేతులు మెల్లగా కిందికి దించింది. కానిస్టేబుల్‌కి సైగ చేసింది. అతను ప్లంబర్‌ని లోపలికి తీసుకొచ్చాడు.

"రాశాక ఎవరికైనా చూపించారా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది. "గుర్తులేదమ్మా."

"నాకు చూపించింది," అన్నాడు తమ్ముడు. "కుళాయికి కట్టకముందే. నిన్న సాయంత్రం ఏడు గంటలకి."

"మీరేమన్నారు?"

"ముత్యాల్లా ఉన్నాయి అక్కా అన్నాను."

"చదివారా?"

అతను తండ్రి పడిన చోటే చతికిలబడ్డాడు.

"రాత చూశాను," అన్నాడు.

ప్లంబర్ సంచిలోంచి ఎర్ర టేపు తీశాడు. మూడో కుళాయికి చుట్టడం మొదలుపెట్టాడు.