మిల్ట్రీ కాయిదంల బీరమ్మ పేరు

పాశమైలారంల రంగుల ఫ్యాక్టరీ వెనుక గోడను ఆనుకొని ఒక పాత బాయి ఉన్నది. ఎర్రబాయి అంటరు. పొద్దుగూకినంక ఆ తొవ్వల ఎవరూ నడువరు.

నీళ్ళు ఎర్రబడ్డది ఫ్యాక్టరీ మురుగుతోని. చెడ్డపేరు మాత్రం అంతకు ముందటిదే. చీకటి పడ్డదంటే ఆ బాయి గట్టు మీద రాయితోని రాయిని కొట్టినట్టు చప్పుడైతదట. టక్... టక్... చూస్తె ఎవరూ ఉండరు. రాత్రి షిఫ్టు దిగిన బీహారు పిల్లగాడొకడు ఎరుకలేక ఆ దిక్కు పోయిండు. గట్టును లోపలి నుంచి పట్టుకున్న ఆడమనిషి వేళ్ళు కనబడ్డయట వానికి. వేళ్ళే... మనిషి లేదు. తెల్లారి వాడు మూట గట్టుకొని రైలెక్కిండు.

ఆ వేళ్ళు బీరమ్మయి అని ఊరంత అనుకునేది. సిపాయి సంగప్ప మొదటి పెండ్లాం బీరమ్మ.

డెబ్బై ఒకటిల యుద్ధమప్పుడు సంగప్ప సరిహద్దు మీద ఉన్నడు. అన్న కొమురయ్య కార్డు రాపిచ్చిండు... నీ భార్య నీళ్ళు చేదబోయి కాలు జారి బాయిల పడ్డది అని. సంగప్పకు సెలవు దొరికి ఊరికొచ్చే వరకు ఆమెను పూడ్చిన మట్టి మీద గడ్డి మొలిచింది. పోలీసులొస్తరని భయపడి ఆ చావును ఎవ్వరూ ఎక్కడా రాయియ్యలేదు.

తర్వాత మొగులమ్మను చేసుకున్నడు. పెండ్లి నాడు ఆమె మెడల పుస్తెతో పాటు సవతి బిళ్ళ కట్టిన్రు. చచ్చిన సవతిది ఆ బిళ్ళ. కొత్త చీర తెస్తె ముందుగాల బిళ్ళకు చూపియ్యాలె, పండుగ నాడు మొదటి ముద్ద ఆమె పేరున తియ్యాలె. అప్పుడే ఇంటి పెద్దలు సంగప్పతోని ఇంకో మాట అన్నరు. "మిల్ట్రీ కాయిదంల ఆమె పేరు తియ్యకురా. పేరు తుడిస్తె ఊకుంటదా?"

సంగప్ప తియ్యలేదు. భయం కొంత, ప్రేమ కొంత. మొగులమ్మ కూడ అడుగలేదు.

ఇరవై ఏండ్లు గడిచినయి. మిల్ట్రీల నుంచి దిగి ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ పని చేసిన సంగప్పకు ఊపిరితిత్తులు చెడిపోయినయి. రెండడుగులేస్తె దగ్గు. మంచానికి అంటుకున్నంక అప్పుడు బుగులు పట్టింది ఆయనకు.

"నేను పోతె పింఛనిచ్చేటోళ్ళు నువ్వెవ్వలు అని అడుగుతరే."

"ఇన్నేండ్లు నీకు గడుక కాచి పోసింది ఎవ్వలంట మరి?"

"కాయిదం లెక్కన బీరమ్మ."

మొగులమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. పిల్లలు లేరు, తల్లిగారిల్లు లేదు. ఈ మనిషి కండ్లు మూస్తె ఈ ఇంట్ల తను ఎవరో చెప్పే కాయిదం లోకంల ఒక్కటి లేదు. తొడుక్కోను పేరు లేని మనిషైపోతది.

అందుకే ఆ వానకాలంల బావ కొమురయ్యను వెంటబెట్టుకొని సంగారెడ్డి పోయింది. అక్కడ మాజీ సిపాయిల కాయిదాలు చూసే సోమయ్య పాత హవల్దారు. డిశ్చార్జి పుస్తకం తిరగేసి అద్దాల మీదికెళ్ళి చూసిండు.

"అమ్మా, దీని ప్రకారం నువ్వు మా సంగప్పకు ఏమీ కావు."

"ఇరవై ఏండ్ల సంది ఊకెనే బట్టలు పిండుతున్ననా సారూ?"

సోమయ్య నవ్విండు. మంచోడే. "మార్చొచ్చమ్మా. కాని మొదటామె చచ్చిపోయినట్టు ఎక్కడా లేదు. మా లెక్కన బీరమ్మ బతికే ఉన్నది. కండ్లార చూసినోళ్ళు ఒకరు ఎట్ల పోయిందో చెప్పి వేలిముద్ర వెయ్యాలె."

"మా బావ చూసిండు," అన్నది మొగులమ్మ.

కొమురయ్య గొంతు సవరిచ్చుకున్నడు. "చూసిన అని రాయాల్నా? విన్న అంటె నడువదా?"

"చూసినవా లేదా పెద్దమనిషీ?"

"...చూసిన."

సోమయ్య రాసిండు. కొమురయ్య బొటనవేలు సిరాల ముంచిండు. చెయ్యి వణికి ముద్ర అలుక్కపోయింది. ఇంకో కాయిదం, మళ్ళ అలుక్కపోయింది. మూడోసారి కూడ గంతే.

"జెరం ఉన్నట్టుంది. సోమవారం రాండ్రి," అన్నడు సోమయ్య.

బయటికొచ్చినంక కొమురయ్య కల్లు కాంపౌండుల కూసున్నడు. చీకటయ్యే దాక లేవలేదు. ఆఖరు బస్సు పటాన్‌చెరు రోడ్డు మీద వాళ్ళను దించేసరికి వాన దంచి కొడుతున్నది.

పెద్ద తొవ్వ మునిగింది. మురుగు కాల్వ పొంగి మోకాలి లోతు పారుతున్నది... ముక్కులు పగిలే వాసన. ఇగ మిగిలింది ఎర్రబాయి తొవ్వనే.

"వద్దు," అన్నడు కొమురయ్య. "తెల్లారే దాక ఇక్కడనే ఉందాం."

"ఇంట్ల ఆయన ఒక్కడే ఉన్నడు బావా. రాత్రి దగ్గొస్తె లేపి కూసోబెట్టేటోళ్ళు లేరు."

ఆమె నడిచింది. వెనుక నుంచి ఆయన నడిచిండు. ఫ్యాక్టరీ గోడ మీది పసుప్పచ్చ దీపం వానల మసక మసకగ ఉన్నది. మొగులమ్మ నోట్లె నోట్లె నర్సింహసామిని తలుచుకుంట, బిళ్ళను పిడికిట్ల పట్టుకున్నది. అక్కా, నీ పేరు తీస్తున్నందుకు కోపం చేసుకోకు... నాకు దిక్కు లేక తీస్తున్న...

టక్.

ఇద్దరూ ఆగిన్రు.

టక్... టక్...

"విన్నవా?" కొమురయ్య గొంతు గుసగుసగ వచ్చింది.

"బావా... జల్ది నడువు."

కొమురయ్య నడువలేదు. ఆమె దిక్కు చూస్తున్నడు. తడిసిన చీర, ఊడిపోయిన కొప్పు, మెడల మెరుస్తున్న బిళ్ళ... ఆయన కండ్లల్ల మొగులమ్మ లేదు.

"బావా అంటవా మళ్ళ? ఆనాడు గిట్లనే బావా బావా అని మొత్తుకున్నవు. ఎన్నిసార్లు కొట్టాలె నిన్ను?"

మొగులమ్మ ఒకడుగు వెనుకకేసింది. "ఎవరిని... కొట్టినవు?"

"చెయ్యి పట్టుకుంటె ఏం పోయె నీకు? తమ్మునికి ఉత్తరం రాపిస్త అంటివి. తోసిన. పోతివా? పోలె. గట్టు పట్టుకున్నవు. ఇడువు అంటె ఇడువకపోతివి. ఒక్కొక్క వేలు... ఒక్కొక్క వేలు రాయితోని చిదిపితె గద ఇడిచినవు..."

"కాలు జారలేదా?" అన్నది మొగులమ్మ.

ఆ మాటకు కొమురయ్యకు సోయి వచ్చింది. ముంగట ఉన్నది ఎవరో గుర్తువట్టిండు. ఏం చెప్పేసిండో కూడ ఎరుకైంది.

మీద పడ్డడు. జుట్టు పట్టి గుంజి ఆమె తలను గట్టుకేసి కొట్టిండు. కండ్లల్ల నిప్పులు రాలినయి. ఇంకోసారి కొట్టిండు. నోట్లె పన్ను విరిగి నెత్తురు ఉప్పగ తగిలింది. ఆమె ఆయన చెంపను గోళ్ళతోని చీరింది, మణికట్టు కొరికింది. ఆయన ఆమె కాళ్ళు పట్టి ఎత్తి బాయిలకు దొర్లిచ్చిండు. పడిపోతు పడిపోతు మొగులమ్మ గట్టు రాయి పట్టుకున్నది.

కింద ఎర్రనీళ్ళ మంట వాసన. పైన కొమురయ్య వంగి చీకట్ల రాయి కోసం తడుముతున్నడు.

"ఇడువు," అన్నడు.

అప్పుడు ఆమె వేళ్ళ మీద ఇంకెవరివో వేళ్ళు వచ్చి పడ్డట్టయింది. సల్లగ, వంకరగ... కిందికి నూకలేదు. గట్టిగ పట్టుకున్నయి.

కొమురయ్య కెవ్వుమన్నడు.

ఆ తర్వాత మొగులమ్మకు తెలిసింది ఒక్కటే. తను గట్టు మీద ఉన్నది, ఆయన బాయిల వేలాడుతున్నడు. గట్టు అంచున ఆయన పది వేళ్ళు. "లాగు పిల్లా... నీ కాళ్ళు మొక్కుత, లాగు..." ఆమె చెయ్యి చాపింది.

అంతదాకనే ఆమెకు ఎరుక.

తెల్లారి మొదటి షిఫ్టుకు పోయేటోళ్ళు చూసిన్రు. ఆమె గట్టు మీద కూసొని ఉన్నది. ముఖమంత నెత్తురు ఎండి ఉన్నది. ఒళ్ళె తలకాయంత రాయి. కొక్కేలేసి కొమురయ్యను పైకి గుంజిన్రు. వేళ్ళు వేళ్ళ లెక్క లేవు. చిదిపిన చింతపండు లెక్క ఉన్నయి.

జీపుల కానిస్టేబుల్ వచ్చిండు. పంచనామా రాయాలె. సంగప్పను ఇద్దరు చెరో రెక్క పట్టి తోలుకొచ్చిన్రు. అన్న శవాన్ని చూసి ఆయన అక్కడనే కూలబడ్డడు. దగ్గుకు, ఏడుపుకు తేడా తెలుస్తలేదు.

"ఏమైందమ్మా?" కానిస్టేబుల్ అడిగిండు.

"కాలు జారి పడ్డడు."

"మరి ఆ వేళ్ళేంది? నీ ముఖమేంది?"

"కాలు జారింది," అన్నది మళ్ళ.

కానిస్టేబుల్ ఊపిరి ఇడిచిండు. కలం తీసిండు. "నీ పేరు?"

"బీరమ్మ."

ఊరోళ్ళు గుంపుల ఉన్నరు. మొగులమ్మతో పాటు నాట్లేసిన ఆగమ్మ నోరు తెరిచి మళ్ళ మూసుకున్నది.

"భర్త?"

"సిపాయి సంగప్ప."

సంగప్ప తలెత్తిండు. ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది... సాక్షి చెప్పే అన్న పోయిండు, ఇగ పేరు మార్చేది ఉండదు. అందుకే కాయిదంల ఉన్న పేరు తనే పెట్టుకుంటున్నది. ఎంత తెలివి మొగులమ్మది. ఇంత దుఃఖంల కూడ ఆయన మనసు కొంచెం నిమ్మళమైంది.

"రాసుకోండ్రి సార్," అన్నడు. "మిల్ట్రీ కాయిదంల కూడ గదే పేరు."

కానిస్టేబుల్ రాసుకొని శవం దిక్కు పోయిండు. సంగప్ప దేక్కుంట ఆమె దగ్గరికి పోయి, ఎవ్వరికి వినబడకుంట అన్నడు.

"మంచి పని చేసినవు మొగులమ్మా."

ఆమె ముఖం తిప్పింది. ఆయన నెరిసిన జుట్టు, గుంతలు పడ్డ చెంపలు, వణికే చేతులు... ఒక్కొక్కటి తేరిపార చూసింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"సెలవు ఎప్పుడు దొరికిందయ్యా?" అన్నది. "గింత ముసలోనివైనవేంది..."