గొట్టం తట్టే పాతసారు

ఆ పరిశోధనశాలలో కింది గదికి మంచి పేరు లేదు. నేలమాళిగలో, చివరాఖరున, ఒక్క వెంటిలేటరు తప్ప కిటికీ లేని గది. పగలు అందులోకి వెళ్ళడానికి ఎవరికీ పేచీ లేదు. చీకటి పడితే మాత్రం అక్కడ పనున్నవాళ్ళకి ఉన్నట్టుండి తలనొప్పులు పుట్టుకొచ్చేవి. తలనొప్పి రానివాళ్ళకి అత్తగారికి ఆయాసం వచ్చేది.

ఒకప్పుడు ఆ గది పాతసారుది. మనిషి ఎవర్నీ తిట్టేవాడు కాదు. ఎవరు ఏ ప్రయోగం చూపించినా ముందు దాన్ని వేలి కణుపుతో ఒక్కటి తట్టేవాడు. టక్. మీటరు మీద అంకె కదిలిందో, ఎదుటివాడి మొహం కూడా చూడకుండా ‘ప్చ్’ అని పెదవి విరిచి వెళ్ళిపోయేవాడు. అంతకంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేదని ఏడ్చినవాళ్ళున్నారు. చివరికి ఆ గదిలోనే, కుర్చీలోనే, మీటరు వంక చూస్తూ చూస్తూ ప్రాణం వదిలేశాడు.

పోయినవాడు పోయాడు. గది కూడా చాన్నాళ్ళు నోరెత్తలేదు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన సున్నాసారు తన సరంజామా అందులోకి దింపాడు... అప్పుడు మొదలైంది. రాత్రిపూట ఒంటరిగా కూర్చుంటే వినిపించేదట — టక్. కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత, చెవి పక్కనే నిలబడి అన్నట్టు — ప్చ్.

కొత్తగా వచ్చినవాడంటే దెయ్యానికి కూడా పడదు కాబోలనుకున్నారు జనం.

ఈ మాటలు విని పడీ పడీ నవ్వినవాడు సున్నాసారు ఒక్కడే. ఆయనకా పేరు ఊరికే రాలేదు. కరెంటుకు బొత్తిగా అడ్డుపడని పదార్థం కనిపెట్టానని ఆయన చాటుకుంటున్నాడు. అలాంటివి లోకంలో లేకపోలేదు గానీ, వాటికి ఎముకలు కొరికే చలి కావాలి. ఈయన బిళ్ళకి ఇంట్లో ఫ్రిజ్ చలి కంటే ఇంకాస్త ఉంటే చాలునట. అణా కాసంత నల్లటి బిళ్ళ. దాన్ని పొడుగాటి స్టీలు గొట్టంలో అడుగున పెట్టి, చలి పట్టించి, కరెంటు పంపితే మీటరు మీద అంకె దిగుతూ దిగుతూ వచ్చి ఒక్కసారిగా సున్నా అయిపోతుంది. లిఫ్టూ, వర్క్‌షాపు మిషన్లూ నడుస్తుంటే మీటరు తిక్కతిక్కగా ఊగుతుంది కాబట్టి కొలతలన్నీ రాత్రిళ్ళే, అవీ శిష్యుల చేతే.

ఆ సున్నా వచ్చిన దగ్గర్నుంచి సున్నాసారు కాళ్ళు నేల మీద ఆనలేదు. అనుమానం అడిగినవాడల్లా ఆయనకి గాడిద. అడగనివాడు ఎద్దు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆ సున్నాను కళ్ళారా చూడ్డానికి మర్నాడు పొద్దున బయటినుంచి ఇద్దరు పెద్దలు వస్తారనగా, ఆయన మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క కూతురు. ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది. ఆమె సిద్ధాంతవ్యాసం మొత్తం ఆ సున్నా మీదే నిలబడి ఉంది.

“మామయ్యా... ఈ రాత్రికి నేను కిందికి దిగను.”

“ఇక్కడ సార్ అనమన్నానా?”

“సార్, ఈ రాత్రికి నేను కిందికి దిగను. ఆయన వస్తున్నారు.”

“ఎవరు?”

ఆ పిల్ల వేలి కణుపుతో తలుపు చెక్కని మెల్లగా తట్టి చూపించింది.

సున్నాసారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “చదివేది ఫిజిక్సు, భయపడేది దెయ్యానికి! మా అక్క కడుపున చెడబుట్టావు కదే! విను. ప్రతి చప్పుడుకీ ఒక కారణం ఉంటుంది. అది కనుక్కోవడం చేతకాని దద్దమ్మలే దెయ్యం అంటారు. రాసి పెట్టుకో.”

ఆ పిల్ల కళ్ళనీళ్ళు దిగమింగి వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే కిందికి దిగాడు.

లిఫ్టు ఆగిపోయింది. పై అంతస్తుల్లో తలుపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గదిలో మీటరు పచ్చటి వెలుగు తప్ప ఏమీ లేదు. పాతసారు కుర్చీ ఇంకా ఆ మూలే ఉంది — ఎవరూ కూర్చోరు, ఎవరూ తీసెయ్యరు. సున్నాసారు దాన్ని చూసి పెదవి విరిచి, గొట్టంలోకి చలి ఆవిరి వదిలాడు.

అంకె దిగుతోంది.

దిగుతోంది...

టక్.

గొట్టం దగ్గర్నుంచే. వేలి కణుపుతో తట్టినట్టు. మీటరు మీద సున్నా వెలిగింది, కానీ ఆయన చూపు దాని మీద లేదు. మూలనున్న కుర్చీ మీద ఉంది. కుర్చీ కాస్త ఇటు తిరిగిందా... ఇందాకే అలా ఉందా...

ప్చ్.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున లేచాడు, మోచెయ్యి వెళ్ళి గొట్టానికి గట్టిగా తగిలింది.

అంకె ఎగిరింది.

సున్నా పోయింది. బిళ్ళ ఏ మామూలు రాయికైనా ఉండే అంకెను చూపిస్తోంది. మరుక్షణం మళ్ళీ సున్నా. సున్నాసారు ఇంకోసారి తట్టాడు, ఈసారి కావాలని. అంకె మళ్ళీ ఎగిరి, మళ్ళీ పడింది.

భయం పోయింది. దాని స్థానంలో అంతకంటే పాడుది వచ్చి కూర్చుంది.

గొట్టం విప్పి లైటు వేసి చూశాడు. బిళ్ళ కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో పట్టి మీటరుకు చెప్పేవి రెండు చిన్న రేకు క్లిప్పులు. చలికి ముడుచుకున్నప్పుడల్లా వాటిలో ఒకటి బిళ్ళను వదిలేసి, చెంగున వంగి, పక్కదాన్ని కొడుతోంది. అదే టక్. రెండూ ఒకదాన్నొకటి అంటుకున్నాక మధ్యలో కొలవడానికేముంది? అదే సున్నా. ఇక పైనున్న కవాటంలోంచి పోయే ఆవిరి — ప్చ్. దెయ్యమూ లేదు, ఘనకార్యమూ లేదు. రెండూ ఒకే రేకు ముక్క.

క్లిప్పు బిగించి మళ్ళీ చలి పట్టించాడు. ఈసారి ప్చ్ వచ్చింది గానీ టక్ రాలేదు. అంకె కాస్త దిగి ఆగిపోయింది, సున్నా రాలేదు. తేలు కుట్టిన దొంగలా ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. అప్పుడు నిజం ఒప్పుకుని ఉంటే జనం నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేవాళ్ళు. కానీ లోకంలో అందరూ గాడిదలని అంతకాలం అన్న నోటితో ఆ మాట ఎలా వస్తుంది?

తెల్లారేలోపు క్లిప్పును మళ్ళీ వదులు చేశాడు. కవాటానికి పొడుగాటి రబ్బరు పైపు తగిలించి, వెంటిలేటరులోంచి బయటికి తోసేశాడు. ప్చ్ అంటే బయట చెట్లకు వినపడుతుంది. టక్ మాత్రం ఎక్కడికీ తొయ్యలేకపోయాడు.

పొద్దున పెద్దలు వచ్చారు. ఒక బట్టతలాయన, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. వాళ్ళు వస్తున్నారని ఆ పూటకి లిఫ్టు కూడా ఆపించారు. మేనకోడలు గోడకు ఆనుకుని నిలబడింది. అంకె దిగింది... దిగింది...

టక్. సున్నా.

బట్టతలాయన “ఆహా!” అన్నాడు. పెద్దావిడ తల పక్కకి వంచి, “ఆ చప్పుడేమిటండీ?” అంది.

రేకు అంటే ఏ రేకు అంటుంది. క్లిప్పు అంటే విప్పి చూపించమంటుంది. సున్నాసారు గట్టిగా నవ్వేశాడు.

“అదా అండీ! మా పాతసారు. ఈ గదిలోనే పోయారు. ఇప్పటికీ వచ్చి గొట్టం తట్టి వెళ్తుంటారు. మా పిల్లలంతా విన్నారు... నేనూ విన్నాను.”

మేనకోడలు తలెత్తింది.

మామయ్య మొహంలోకి చూసింది. కొత్తగా వేలాడుతున్న రబ్బరు పైపు వంక చూసింది. దెయ్యం అనేది దద్దమ్మలే అని నిన్న చెప్పిన మనిషి, ఇవాళ నలుగురి ముందు దెయ్యం అంటున్నాడు. అంటే కారణం దొరికింది. దొరికింది కాబట్టే దాస్తున్నాడు.

ఆ పిల్ల ఏళ్ళ తరబడి చేసిన చాకిరీ, రేపటి డిగ్రీ, అన్నీ ఆ సున్నాలోనే ఉన్నాయి. అయినా గోడ వదిలి వచ్చింది.

“ఏయ్... దాన్ని ముట్టుకోకు!” అన్నాడు సున్నాసారు, గొంతు కీచుమంటూ.

ఆమె వేలి కణుపుతో గొట్టాన్ని ఒక్కటి తట్టింది.

అంకె ఎగిరింది. పడింది. ఇంకొక్కటి తట్టింది. మళ్ళీ ఎగిరింది.

బట్టతలాయన నోరు మూసుకున్నాడు. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ నిశ్శబ్దంలో, అందరికీ వినిపించేలా, తీరిగ్గా —

ప్చ్.

సున్నాసారు గిర్రున మేనకోడలి వైపు తిరిగాడు. ఆ పిల్ల కింది పెదవిని పళ్ళ మధ్య బిగబట్టి ఉంది. పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. రబ్బరు పైపు వెంటిలేటరులోంచి బయటికే ఉంది.

మూలనున్న కుర్చీ వైపు చూడ్డానికి మాత్రం ఆయనకి ధైర్యం చాల్లేదు.