వయసు అడిగిన లెక్క

మండవల్లిలో ఆ ఉదయం పద్మప్రియ కూతురికి జడలు వేస్తూ ఎక్కాలు అడుగుతోంది. భర్త తాతారావు చేపల చెరువుకు మేత వేయడానికి వెళ్లాడు. అత్తగారు రాజ్యం వంటింట్లో క్యారేజీ సర్దుతోంది. ఐదో తరగతి చదివే ఇందుజ పదిహేడో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పింది. గురుకులం ప్రవేశ పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. పదో తరగతి లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్నా, పెళ్లితో చదువు ఆగిపోయిన పద్మప్రియకు ఆ సీటు మీదే ప్రాణమంతా.

పుస్తకాల సంచి సర్దబోతే నోటుబుక్కు అట్టలో దాచిన పరీక్ష కాగితం దొరికింది.

"ఒక చెరువులో 26 బొచ్చెలు, 10 శీలావతులు ఉన్నాయి. చెరువు యజమాని వయసెంత?"

కింద ఇందుజ గుండ్రంగా 36 అని రాసింది. పక్కన టీచరుగారు, "ఈ వివరాలతో వయసు చెప్పలేం. పిల్లలు ఆలోచిస్తారో లేదో చూద్దామని ఇచ్చాను" అని రాశారు.

"చేపల్ని కూడితే మనిషి వయసొస్తుందటే? బుర్ర ఉందా నీకు?" పిల్ల చెంప ఛెళ్లుమంది.

రాజ్యం పరుగున వచ్చింది. "పసిదమ్మా! ఒక్క లెక్కకే కొట్టేస్తావా?"

"మీరు ఊరుకోండి అత్తయ్యగారూ. దీని బతుకు నాలా అవకూడదనేగా నా బాధ!"

ఇందుజ ఏడవలేదు. గోడకు ఆనుకుని మెల్లగా అంది.

"వయసు రాదని నాకు తెలుసమ్మా. నాన్న చెరువులో వేల చేపలున్నాయి. నాన్నకి వేల ఏళ్లు లేవుగా."

"మరి ముప్పై ఆరని ఎందుకు రాశావే?"

"ఖాళీ వదిలేస్తే కొడతావుగా. ఏదో ఒకటి రాస్తే ఒక్కోసారి కొట్టవు."

పద్మప్రియకు అప్పుడు గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం లెక్కలు చేసేటప్పుడు ఇందుజ చూపు పుస్తకం మీద ఉండేది కాదు, తన ముఖం మీదే ఉండేది. "కూడాలా అమ్మా? తీసెయ్యాలా?" అని అడిగేది. తన కనుబొమలు ముడిపడగానే రాసింది చెరిపేసేది. పిల్లకు ఆలోచన రాదనుకుంది తను. వచ్చిన ఆలోచనను భయంతో మింగేస్తోందని ఇన్నాళ్లూ గమనించనే లేదు.

దగ్గరకు తీసుకుందామని చెయ్యి చాచింది. ఇందుజ చటుక్కున మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

రాజ్యం అటు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వీధిలో బడి ఆటో హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

పద్మప్రియ నేల మీద కూలబడి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇంకెప్పుడూ కొట్టను తల్లీ. తెలియకపోతే తెలియదనే రాయి. తప్పు నాదమ్మా."

ఇందుజ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. "నిజంగానా?"

"నిజంగా."

పిల్ల ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి.