ఫోన్‌లో పచ్చరంగు

పరుగు!

దూలపల్లి గోదాముల వెనక సందు. చీకటి. ముసురు. ముందు ఒక మనిషి... వెనక బాలేష్. చేతిలో ఇనప రాడ్!

"ఆగురా!"

వాడు ఆగడం లేదు.

బాలేష్ ఇప్పుడే కళ్లారా చూశాడు. కాలనీ స్తంభానికున్న సెన్సార్ డబ్బాకు వాడు పాలిథిన్ కవర్ తొడిగాడు. స్టూలెక్కి మరీ తొడిగాడు!

గాలి ఎలా ఉందో ఆ డబ్బా పసిగడుతుంది. యాప్ ఫోన్‌లో చెబుతుంది. పచ్చరంగు వస్తే మంచి గాలి. ఎర్రరంగు వస్తే కిటికీలు మూసెయ్యాలి. ఏడేళ్ల కూతురు అంకితకు ఉబ్బసం. పచ్చరంగు చూశాకే ఇంట్లో కిటికీ తీసేవాళ్లు.

పోయిన నెల ఇలాంటి ముసురులోనే గోదాములో కెమికల్ డ్రమ్ములు తగలబెట్టారు. యాప్‌లో పచ్చరంగే! ఇంకా తెల్లవారకముందే, నిద్రపోతున్న పిల్ల పక్కన కిటికీ తీసి, బాలేష్ భార్య సుచిత్ర పాలకు వెళ్లింది. వచ్చేసరికి గదినిండా పొగ. ఆస్పత్రికి చేరకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది. తప్పు తనదేనని సుచిత్ర ఇప్పటికీ గోడకు తల కొట్టుకుంటోంది.

డబ్బా బాగానే ఉందన్నారు యాప్ వాళ్లు. వాన రాత్రుల్లో మాత్రం రీడింగ్ పచ్చరంగు దగ్గరే ఆగిపోతోందట... ఎవరో మూస్తున్నట్టుందట!

గోదాము వాళ్లే. ఇంకెవరు? బాలేష్ ఇంట్లో ఏమీ చెప్పలేదు. మబ్బు పట్టినప్పుడల్లా వచ్చి కాపు కాశాడు.

ముందున్నవాడు జారి బురదలో పడ్డాడు. బాలేష్ రాడ్ ఎత్తాడు...

"నన్ను కొట్టుండ్రి! గా డబ్బా జోలికి పోకుండ్రి!"

ఆ గొంతు!

టార్చ్ వేశాడు. బురదలో వెంకటనర్సయ్య. కన్నతండ్రి!

"నాయినా! నువ్వా?"

"బాలేషా! గోదామోళ్లు అనుకొని ఉరికిన బిడ్డా..."

"గా కవర్ ఎందుకు తొడిగినవ్?"

"వాన పడతాంది గద! తడిస్తే ఖరాబ్ అయితది. మనింట్ల టీవీ రిమోట్‌కు తొడగలే? వానలు మొదలైనకాడికెళ్లి నేనే కప్పుతున్న. పొద్దుగాల తీస్తున్న. అప్పుడు మన పొల్లను కాపాడే డబ్బా గదా అని... ఇప్పుడు కాలనీ పిల్లలకన్నా పనికొస్తదని..."

రాడ్ జారి కింద పడింది. బాలేష్ బురదలోనే కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. నోరు గట్టిగా మూసుకున్నాడు.

ముసలాయన కొడుకు భుజం పట్టుకున్నాడు.

"ఏడ్వకు బిడ్డా. మన పొల్లను సంపినోని కోసమే గదా తిరుగుతున్నవ్? దొరికిండా? ఒక్కసారి నాకు సూపియ్. గీ చేతుల్తోనే పీక పిసుకుత!"

బాలేష్ ఆ చేతుల వంక చూశాడు.

"దొరకలే నాయినా... ఇగ దొరకడు."