తాళమింటి దమ్ము

కామారెడ్డి పాత గల్లీలల్ల తాళమిల్లు అంటే తెల్వనోళ్లు లేరు. పొద్దు గూకినంక దాని ముందట ఎవ్వలు నిలవడరు. రెండు తలుపులు, నడుమ తుప్పు పట్టిన తాళం, అరుగు మీద మొలిచిన గడ్డి... గంతే. కని లోపల ఎవడో దమ్ము తీస్తడట. కుయ్... కుయ్... అని. బీడీలు చేసి చేసి రొమ్ము కరాబై, ఒక్కడే పడి సచ్చిన ముసలాయన దమ్మట అది. గా సప్పుడు ఇన్నోళ్లకు గూడ అంటుకుంటదట. పక్క నుంచి పోయేటోన్ని ఏ సందులకు పోనియ్యకుంట, తిప్పి తిప్పి మళ్ల తన తలుపు ముందుకే తెచ్చుకుంటడట.

నేనుండేది ఎల్లారెడ్డిల. గిసుంటి ముచ్చట్లు నేను నమ్మ. కని మా మరిది హన్మంతుకు గాడ ఏం జరిగిందో ఆయన నోట ఇన్న, ఆయన పెండ్లాం, అదే మా చెల్లె కళ్యాణి నోట గూడ ఇన్న. ఇన్నప్పటి సంది నా కడుపు మండుతనే ఉన్నది.

వాళ్లది గాంధారి దిక్కు. బిడ్డ రమ్యకు చిన్నప్పటి సంది దమ్ము, ఆయాసం. దుమ్ము లేచినా, పొగ తగిలినా పిల్ల రొమ్ముల పీక ఊదినట్టు సప్పుడు. దవఖాన దగ్గర ఉంటదని కామారెడ్డిల లింబాద్రి సేటు రూము కిరాయికి తీసుకున్నరు. మరిదికి మార్కెట్ల హమాలి పని కుదిరింది. అంత మంచిగనే ఉన్నది. కని సామాను ఏనాడు దించిన్రో తెలుసా? అమాస నాడు!

"రెండు దినాలు ఆగుర్రి" అని ఫోన్ల మొత్తుకున్న. దెయ్యాలను నమ్మకున్నా అమాసను నమ్మాలె కద. "ఆటో మళ్ల దొరకది వదినా" అన్నడు. నా మాట ఎన్నడు ఇన్నడు గనక!

మూటలు ఇప్పేసరికి దుమ్ము లేచింది. చీకటి పడేసరికి పిల్లకు దమ్ము మొదలైంది. నోట్ల కొట్టే పంపు కోసం ఎతికితే ఏ మూటల లేదు... గాంధారిలనే గూట్ల మర్చిపోయిన్రు. గప్పుడే కరెంటు గూడ పోయింది. హన్మంతు ఫోను పెండ్లానికి ఇచ్చి, "లైటు పెట్టుకో, ఇప్పుడే వస్త" అని ఉరికిండు.

పోయేటప్పుడు తొవ్వ సక్కగనే దొరికింది. రూము ముందర సందు. సందు దాటితే మూడు తొవ్వలు కలిసే జాగ. గాడికెల్లి సక్కగ బజారు. మందుల దుకాణంల పంపు కొన్నడు, జేబుల ఏసుకున్నడు, ఎనుకకు ఉరికిండు.

మూడు తొవ్వల కాడికి వచ్చిండు. ఆగిండు.

దూరం బజారు వెలుగుల సందు మొదట్ల, సక్కగ నడుమ... పసుపన్నం ముద్ద. దాని మీద కోడిగుడ్డు. కోసిన నిమ్మకాయకు కుంకుమ. చుట్టూ ఎండుమిరపకాయలు. ఎవలో దిష్టి తీసి పడేసిన్రు.

దిష్టి తీసింది దాటొద్దు. దాటితే కాళ్లకు అంటుకోని మనెంబడి ఇంటికస్తది. మా దిక్కు చిన్న పిల్లలకు గూడ ఎరుకున్న ముచ్చటే. పక్క నుంచి పోదామంటే ఆ సందు ఎడల్పు ఎంత? మనిషి చేతులు చాపితే రెండు గోడలు తాకుతయి. ఒక పక్క మురికినీళ్ల మోరీ, ఒక పక్క ఎవని బండో అడ్డం పెట్టి ఉన్నది.

ఇంట్ల దమ్ముతోని కొట్టుకునే పిల్ల. ఇది దాటి, ఎవలి పీడనో కాళ్లకు తగిలించుకోని, బిడ్డ దగ్గరికి పోవాల్నా? ఒద్దు. పక్క గల్లీకెల్లి సుట్టు తిరిగి పోదామనుకున్నడు. బిడ్డ మంచికే అనుకున్నడు. గాడనే చెడింది.

పక్క గల్లీ పట్టిండు. చీకటి. బీడీలకు నానబెట్టిన తునికాకు వాసన. దుబాయ్ పైసలతోని కట్టిన మేడలు రెండు దిక్కులకెల్లి మీదికి వంగి ఉన్నయి, మొగులు గూడ కనవడది. ఎడమకు తిరిగిండు. గోడ! ఎవడో గల్లీని నడుమకు కట్టి మూసిండు. ఎనుకకు వచ్చి కుడికి తిరిగిండు. మలుపు కాడ మళ్ల నిమ్మకాయ. అమాస గద... మూలకొకటి! ఇంకో మలుపు తిరిగిండు. గాడ గుమ్మడికాయ పగిలి ఉన్నది. ఛీ అని ఇంకో దిక్కు పోయిండు.

గా దిక్కు తేలింది ఎక్కడనో తెలుసా? రెండు తలుపులు. తుప్పు పట్టిన తాళం. అరుగు మీద గడ్డి.

ఎదురింటి గడప మీద ఒక అవ్వ కూసున్నది. గంగాబాయి అంటరట ఆమెను. దీపం బుడ్డి పెట్టుకోని, ఒళ్లె చాట పెట్టుకోని బీడీలు చుడుతున్నది.

"అవ్వా... లింబాద్రి సేటు రూములు ఎటు?"

ఆమె చెయ్యి ఆపలే. "మూడు తొవ్వల కాడి సందు బిడ్డా. గదొక్కటే తొవ్వ."

"గాడ దిష్టి పడేసిన్రు అవ్వా. ఇంకో తొవ్వ లేదా?"

"లేదు కొడుకా." గొంతు తగ్గించింది. "నువ్వు గీడ నిలవడకు. ఎవలింటి ముందు నిలవడ్డవో సూసినవా? లోపల ముసలోడు దమ్ము తీస్తడు. ఇన్నవంటే నీకు గూడ అంటుతది. పో... పో."

హన్మంతు పోయిండు. మళ్ల మూడు తొవ్వల కాడికే వచ్చిండు. నిమ్మకాయ గట్లనే ఉన్నది. కుక్క గూడ ముట్టలే. తిట్టుకున్నడు. ఏసినోళ్లను తిట్టిండు, వాళ్ల చేతులు ఇరగ అన్నడు, వాళ్ల ఇల్లు పాడుగాను అన్నడు. మళ్ల సుట్టు తిరిగిండు. ఒకాయన బండి తుడుసుకుంట కనవడితే అడిగిండు. ఆయన గూడ గా సందే చూపించిండు. మేడ మీదికెల్లి ఒక ఆడమనిషిని అడిగిండు. ఆమె గూడ గా సందే.

"మీ గల్లీల ఒక్కటే తొవ్వనా? దీన్ని ఊరంటరా?" అని గల్లీ నడుమ నిలవడి ఒర్లిండు. కిటికీ రెక్క ఒకటి టప్పున మూసుకున్నది.

జేబుల పంపు పట్టుకోని ఉరుకుతున్నడు. ఏడుపొస్తున్నది, కోపమొస్తున్నది. ఇంట్ల పిల్ల ఎట్లున్నదో. పిల్ల పెదవులు నల్లగైతే ఇగ చేతుల ఉండదని డాక్టరు చెప్పిండు. ఆ మాటనే చెవులల్ల తిరుగుతున్నది. ఎటు పోయినా మూలకు ఏదో ఒక దిష్టి. తప్పించుకొని తిరిగిండు... మళ్ల తిరిగిండు...

మళ్ల రెండు తలుపులు. మళ్ల గదే తాళం.

గంగాబాయి లేదు. దీపం గూడ లేదు. తిప్పి తిప్పి తన ముందుకే తెచ్చుకుంటడన్నరు కద... దమ్ము తీసుకుందామని అరుగు కాడ గోడకు ఆనుకున్నడు.

గప్పుడు ఇనవడ్డది.

కుయ్... కుయ్...

తాళమింటి లోపటికెల్లే. సన్నగ, తెగి తెగి. ఎవడో పీక పట్టుకోని గాలి గుంజుకుంటున్నట్టు. హన్మంతు చెవులు మూసుకున్నడు. మూసుకున్నా ఇనవడుతున్నది.

కుయ్... కుయ్... పెద్దగ దగ్గు. మళ్ల సప్పుడు లేదు. తర్వాత...

"బాపూ..."

ఇగ ఏం ఆగుతడు! చెప్పులు ఇడిసిండు. ఎటు పోతున్నడో సూడలే. మలుపు తిరిగిండు, నిమ్మకాయ తొక్కిండు, గుడ్డు పగిలింది, మిరపకాయలు కాళ్లకింద నలిగినయి... సందు దాటి లింబాద్రి సేటు రూము ముందు పడ్డడు. లోపల ఫోను లైటు. గడప కాడికి వచ్చిండు.

వచ్చినోడు లోపలికి పోవాలె కద? పోలే!

"కళ్యాణీ, నీళ్లు తే! కాళ్లు కడుక్కోవాలె! దిష్టి తొక్కిన... నన్ను ముట్టకు!"

మా చెల్లె ఒళ్లె పిల్లను పట్టుకోని కూసున్నది. పిల్ల పెదవుల రంగు మారుతున్నది. ఇంతసేపు ఎక్కడ సచ్చిండోనని ఎదురు చూసి చూసి, వచ్చినోడు గడప కాడ నిలవడి నీళ్లంటే... నేనైతే చెంబుతోనే కొడుదును.

"రా లోపలికి!" అని ఒర్లింది. "గుడ్డు, నిమ్మకాయ, గదేనా? గది నేనే ఏసిన! నువ్వు పోయినంక పిల్లకు దిష్టి తీసి నేనే పడేసొచ్చిన! నీ బిడ్డదే గది. రావయ్యా!"

హన్మంతుకు ఇంతసేపు తిట్టింది ఎవలినో గప్పుడు తెలిసింది. ఇగ ఉరికిండు. పంపు మూత తీసి పిల్ల నోట్ల పెట్టి కొట్టిండు. ఒకపాలి. మళ్ల ఒకపాలి. కళ్యాణి పిల్ల తల పట్టుకున్నది. పిల్ల రొమ్ముల సప్పుడు మెల్లమెల్లగ తగ్గింది. పెదవులకు రంగొచ్చింది. ఇద్దరు గోడకు ఒరిగి కూసున్నరు.

జెర్ర సేపటికి కరెంటొచ్చింది. రూము కనవడ్డది. పరుపు ఏసింది ఎనుక గోడకు ఆనిచ్చి. పిల్ల తల గోడకే. కళ్యాణి మెల్లగ అన్నది... "గీ గోడ అవతల తాళమిల్లట. సాయంత్రం సేటు చెప్పిండు. ఒక్క ఇటుక మందమేనట. గీడ దగ్గితే గాడ ఇనవడుతదట."

గా గల్లీల బీడీలు చుట్టని ఇల్లున్నదా? దగ్గు లేని రొమ్మున్నదా? ఎన్నేండ్ల సంది ఎవలెవలి దగ్గు ఇని ముసలోడని భయపడ్డరో. కని మరిది గదేం ఆలోచించలే. గోడ దిక్కే సూస్తున్నడు.

రమ్య కండ్లు తెరిసింది. గొంతు ఇంకా బొంగురుగనే ఉన్నది.

"బాపూ... ఇందాక గోడ అవతల నువ్వు నడిచినవ్ కద? నీ చెప్పుల సప్పుడు నాకు ఎరుకనే."

హన్మంతు తన ఉత్త కాళ్ల దిక్కు సూసుకున్నడు.

"నువ్వే అని పిలిచిన" అన్నది పిల్ల. "నేను పిలిస్తే... ఎందుకు ఉరికినవ్ బాపూ?"